పాలు లేని పూర్ణం అట్టు

కంకిపాడు నుంచి ఉయ్యూరు పోయే దారిలో ఒక పల్లె ఉందనుకోండి. కాలవ గట్టు. గట్టు పక్కన ఒక పెంకుటిల్లు. ఇంటి ముందు పాడి గేదె. పెరట్లో రెండు కొబ్బరి చెట్లు. ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, ఏడేళ్ల పాప. కృష్ణా డెల్టాలో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇది మీ ఇల్లే అనుకోండి.

ఆ ఇంట్లో పాలకు కరువు లేదు. పొద్దున్నే పాలు పితుకుతారు. కొన్ని పాల కేంద్రానికి పోస్తారు. మిగిలినవి ఇంటికి. పాపకు రోజూ ఒక గ్లాసు పాలు. అది నాయనమ్మ పెట్టిన నియమం.

కొన్నాళ్లుగా పాపకు పాలు పడటం లేదు. తాగిన గంటకో రెండు గంటలకో కడుపు ఉబ్బుతుంది. గుడగుడమంటుంది. మెలిపెట్టి నొప్పి. ఒక్కోసారి నీళ్ల విరేచనాలు. బడికి పోయే వేళకు పాప కడుపు పట్టుకుని కూర్చుంటుంది. బడి పోతుంది.

"దిష్టి తగిలిందే అమ్మాయ్" అంటుంది అత్త.

"రోజూ పాలు తాగాకే నొప్పి అంటోంది అత్తయ్యా" అంటుంది కోడలు.

"పాలు తాగితే నొప్పేంటి? పాలు మానిపిస్తే పిల్ల ఎట్లా ఎదుగుతుంది?"

ఈ మాట అత్త కోపంతో అన్నది కాదు. ప్రేమతోనే అన్నది. తన పిల్లల్ని ఆ పాలతోనే పెంచింది మరి.

కోడలు పాపను తీసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. డాక్టరు అన్నీ అడిగారు. పెరుగన్నం తింటే నొప్పి వస్తుందా? రాదు. ఒంటి మీద దద్దుర్లు వస్తాయా? రావు. ఆయాసం, మూతి వాపు? లేవు. అప్పుడు డాక్టరు ఒక పని చెప్పారు. "రెండు వారాలు పాలు ఆపండి. రోజూ ఏం తిన్నదో, నొప్పి వచ్చిందో లేదో కాగితం మీద రాయండి. రాసింది తీసుకుని రండి."

కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకున్నదే. అయినా అంత వరకు సంతకం, చాకలి పద్దు తప్ప ఏమీ రాయలేదు. పాప పాత నోటు పుస్తకంలో నాలుగు కాగితాలు మిగిలాయి. వాటి మీద గీతలు గీసింది. తేదీ ఒక పక్క. తిన్నది ఒక పక్క. నొప్పి ఒక పక్క.

మొదటి ఆరు రోజులు నొప్పి లేదు. ఏడో రోజు నొప్పి. ఆ రోజు పాప పాలు తాగినట్టు పుస్తకంలో లేదు. కోడలు తికమక పడింది. సాయంత్రం పాపే చెప్పింది. నాయనమ్మ చాటుగా అర గ్లాసు పాలు ఇచ్చిందట. ఎవరికీ చెప్పవద్దన్నదట.

కోడలు అత్తను ఏమీ అనలేదు. "పాలు, అర గ్లాసు" అని ఆ గడిలో రాసింది. అత్తకు చదివి వినిపించింది. అత్త చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత చాటుగా పాలు ఇవ్వలేదు.

పాలు ఎందుకు పడవు?

పాలలో ఒక రకం చక్కెర ఉంటుంది. దాని పేరు లాక్టోజు. మన చిన్న పేగులో లాక్టేజు అనే రసం ఊరుతుంది. అది ఈ పాల చక్కెరను విడగొడుతుంది. అప్పుడే ఒంటికి పడుతుంది. చంటిబిడ్డకు ఆ రసం బాగా ఊరుతుంది. పాలు తాగే వయసు దాటాక చాలామందిలో అది తగ్గిపోతుంది. మన దక్షిణ దేశంలో ఇలాంటి వాళ్లు ఎక్కువ. ఇది జబ్బు కాదు. ఒంటి తీరు. కొందరిలో విరేచనాల జబ్బు వచ్చిన తరవాత కొన్నాళ్లు ఇలా ఉండి మళ్లీ సర్దుకుంటుంది.

విడిపోని చక్కెర పెద్ద పేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. గాలి పుడుతుంది. అదే ఉబ్బరం, అదే నొప్పి. పెరుగు ఎందుకు పడుతుంది మరి? పాలు తోడుకునేటప్పుడు ఆ చక్కెరలో కొంత భాగం తోడులోని సూక్ష్మజీవులే తినేస్తాయి. అందుకని పెరుగు, మజ్జిగ చాలామందికి ఇబ్బంది పెట్టవు.

ఇంకొక రకం ఉంది. దానితో దీన్ని కలపకూడదు. కొంతమంది పిల్లలకు పాలలోని మాంసకృత్తులు అసలు సరిపడవు. ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, ఆయాసం వస్తాయి. వాళ్లకు పెరుగు కూడా పడదు. చెంచాడు పాలు కూడా ప్రమాదమే. అలాంటి బిడ్డను ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చంటిబిడ్డకు తల్లిపాలు మాత్రం ఎవరో చెప్పారని ఆపకూడదు. డాక్టరును అడగాలి.

వేసవి సెలవులకు ఆడపడుచు వచ్చింది

ఆడపడుచుది విజయవాడ. ఇద్దరు పిల్లలతో దిగింది. మేనత్త వచ్చిందని ఇంట్లో సేమ్యా పాయసం చేశారు. పిల్లలు గిన్నెలు నాకారు. పాపకు మాత్రం బెల్లం ముక్క చేతిలో పెట్టారు. పాప ఏడవలేదు. లేచి వెళ్లి గేదె దగ్గర కూర్చుంది. అది చూసి అత్తకే కళ్లు చెమ్మగిల్లాయి.

"పాలు లేకుండా తీపి ఏదన్నా చెయ్యవే" అంది.

ఆడపడుచు సంచీలో ఒక పేపరు ముక్క ఉంది. అందులో పరదేశపు వంట ఒకటి అచ్చు వేశారు. పేరు క్రేప్. ఫ్రాన్సు దేశంలో చేస్తారు. మన అట్టు లాంటిదే. పలచగా పోస్తారు. లోపల పండ్లు, మీగడ పెట్టి మడుస్తారు. కోడలు కూడబలుక్కుని చదివింది. గోధుమపిండి. గుడ్లు 2. పాలు అర లీటరు. వెన్న. మీగడ. పండ్లు.

"సగం వస్తువులు పాపకు పడనివే" అంది ఆడపడుచు.

కోడలు ఊరుకోలేదు. ఒక్కో వస్తువు ఆ వంటలో ఏం పని చేస్తుందో ఆలోచించింది. అట్టు పోయడం ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు కదా! గుడ్డు ఎందుకు? పిండి విరగకుండా పట్టి ఉంచడానికి. గోధుమపిండిలోనే జిగురు ఉంది. తడిపి అరగంట నాననిస్తే ఆ జిగురు సాగుతుంది. గుడ్డు అక్కరలేదు. పాలు ఎందుకు? పిండి జారుగా కావడానికి. దానికి నీళ్లు చాలు. వెన్న పెనానికి అంటుకోకుండా ఉండటానికి. వేరుశనగ నూనె ఉంది. ఇక మీగడ. అది కమ్మదనం కోసం, చిక్కదనం కోసం. పెరట్లో కొబ్బరి చెట్టు ఉండగా కమ్మదనానికి ఏం లోటు?

ఇలా పాలు, గుడ్లు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా లేకుండా తినేవాళ్లు కొన్ని దేశాల్లో ఉన్నారు. 1944లో ఇంగ్లండులో కొందరు కలిసి తమకు వీగన్లు అని పేరు పెట్టుకున్నారు. జంతువుల నుంచి వచ్చేది ఏదీ వాడకూడదని వాళ్ల పట్టుదల. మన కోడలికి ఆ పట్టుదల లేదు. పాప పెరుగు తింటూనే ఉంది. పాప నలుగురితో కలిసి తీపి తినాలి, అంతే.

పలచని రేకులో తీపి పెట్టి మడవడం మనకు కొత్త కూడా కాదు. పక్కనున్న గోదావరి డెల్టాలో ఆత్రేయపురం పూతరేకులు చూడండి. బోర్లించిన కుండ మీద బియ్యపు జావను గుడ్డతో పూత పూసి రేకు తీస్తారు. అందులో బెల్లమో పంచదారో, నెయ్యి వేసి మడుస్తారు. అది చెయ్యి తిరిగిన వాళ్ల పని. ఇది అట్టు పోయడం వచ్చిన అందరి పని.

మామిడిపండు సంగతి

మే నెల. నూజివీడు వైపు నుంచి రసాలు, బంగినపల్లి దిగే కాలం. విజయవాడ దగ్గర నున్నలో పెద్ద మామిడి మార్కెట్టు ఉంది. ఈ వంటకు బంగినపల్లి మేలు. కండ ఎక్కువ, పీచు ఉండదు. చిన్న రసాలు, పెద్ద రసాలు రుచిలో దేనికీ తీసిపోవు. కాని పీచు ఉంటుంది. జల్లెడలో వేసి రుద్ది గుజ్జు తీయాలి. అసలు రసం పిసికి జుర్రుకోవలసిన పండు. దాన్ని అట్టులో పెట్టడం దండగ అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట తప్పు కాదు.

పండు కొనేటప్పుడు జాగ్రత్త. కొందరు పచ్చికాయల మధ్య కార్బైడు పొట్లాలు పెట్టి మగ్గబెడతారు. తడి తగిలితే కార్బైడు నుంచి ఒక వాయువు వస్తుంది. అది కాయ పైతోలును పసుపు చేస్తుంది. లోపల కండ సరిగా మగ్గదు. కార్బైడులో ఆర్సెనిక్ లాంటి విషపు పదార్థాలు కొద్దిగా కలిసి ఉండవచ్చు. అందుకే దీనితో పండ్లు మగ్గబెట్టడం నేరం. 2011 ఆహార భద్రతా నియమాలు కూడా దీన్ని నిషేధించాయి. పండు అంతా ఒకే తీరు పసుపుగా మెరుస్తూ, ముచ్చిక దగ్గర వాసన లేకుండా, కోస్తే లోపల పుల్లగా గట్టిగా ఉంటే అనుమానించాలి.

పక్వానికి వచ్చిన కాయలు తెచ్చుకుని ఇంట్లో మగ్గబెట్టుకోవడం మంచిది. డెల్టాలో వరిగడ్డికి కొదవా? గడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన గడ్డి కప్పుతారు. కాయ మగ్గేటప్పుడు తనంతట తానే ఎథిలిన్ అనే వాయువును వదులుతుంది. గడ్డి ఆ వాయువును, వేడిని పట్టి ఉంచుతుంది. దాంతో పక్క కాయలూ మగ్గుతాయి. మన పెద్దలు ఎథిలిన్ పేరు వినలేదు. పని మాత్రం దానితోనే చేయించుకున్నారు.

పూర్ణం చేయడం

అన్నీ ఒకే గ్లాసుతో కొలవండి. చెంచా అంటే పెద్ద చెంచా.

ముందు పూర్ణం చేయాలి. అది చల్లారాలి కదా. ఒక కొబ్బరికాయ కొట్టి కోరాలి. అర గ్లాసు గోరువెచ్చని నీళ్లు పోసి రోట్లో రుబ్బాలి. మిక్సీ ఉంటే మిక్సీ. పలచని గుడ్డలో వేసి గట్టిగా పిండాలి. ఇవి చిక్కటి పాలు. విడిగా ఉంచాలి. పిప్పిలో మరో గ్లాసు నీళ్లు పోసి మళ్లీ రుబ్బి పిండాలి. ఇవి పలచని పాలు.

పలచని పాలు చల్లగా ఉండగానే నాలుగు చెంచాల బియ్యప్పిండి వేసి ఉండ కట్టకుండా కలపాలి. మూడు చెంచాల బెల్లం తురుము వేయాలి. బెల్లంలో ఇసుక ఉంటుందనిపిస్తే ముందే కాసిని నీళ్లలో కరిగించి వడకట్టుకోవాలి. సన్నని సెగ మీద పెట్టి కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆపితే అడుగంటుతుంది. ఏడెనిమిది నిమిషాలకు గట్టి జావలా అవుతుంది. పిండి పచ్చివాసన పోవాలి. అప్పుడు చిక్కటి పాలు పోయాలి. ఒక్క నిమిషం కలిపి దించాలి. తెర్లనివ్వకూడదు.

ఎందుకు తెర్లనివ్వకూడదు? కొబ్బరి పాలలో నూనె, నీళ్లు కలిసి ఉంటాయి. గట్టిగా మరిగితే అవి విడిపోతాయి. పైన నూనె తేలుతుంది. బియ్యప్పిండి జావ వాటిని కొంత పట్టి ఉంచుతుంది. అందుకే జావ ముందు, చిక్కటి పాలు వెనక.

చిటికెడు ఉప్పు, రెండు యాలకుల పొడి వేసి చల్లారనివ్వాలి. బాగా చల్లారాక ఒక గ్లాసు మామిడి గుజ్జు కలపాలి. వేడి మీద కలిపితే మామిడి వాసన ఎగిరిపోతుంది. కోడలు మొదటిసారి తొందరపడి వేడి మీదే కలిపింది. రుచి ఉంది, ఘుమఘుమ లేదు. రెండోసారికి తెలిసింది.

అట్లు పోయడం

ఒక గ్లాసు గోధుమపిండి. పావు గ్లాసు బియ్యప్పిండి. రెండు చెంచాల బెల్లం కరిగించిన నీళ్లు. చిటికెడు ఉప్పు. గ్లాసున్నర నుంచి పావు తక్కువ రెండు గ్లాసుల దాకా నీళ్లు పడతాయి. అంత లెక్క ఎందుకు, చిక్కటి మజ్జిగలా ఉండాలి అనుకుంటే చాలు. అరగంట నాననివ్వాలి. నానాక చిక్కబడితే కాసిని నీళ్లు చిలకరించాలి.

పెనం కాలిందో లేదో నీటి చుక్కతో చూడండి. చుర్రుమనాలి. సెగ తగ్గించండి. బెల్లం ఉంది కాబట్టి పెద్ద సెగ మీద మాడిపోతుంది. పెనానికి నూనె రాయడానికి వంకాయ ముచ్చిక వాడండి. కారపట్లకు రాసినట్టు ఉల్లిపాయ చెక్క వాడితే తీపి అట్టుకు ఆ వాసన పడుతుంది. గరిటెడు పిండి పోసి పలచగా తిప్పండి. అంచులు లేస్తే తిరగేయండి. రెండో వైపు క్షణం చాలు. ఎక్కువ కాల్చితే పెళుసవుతుంది. మడిస్తే విరుగుతుంది.

మొదటి అట్టు ఎప్పుడూ పాడవుతుంది. దాన్ని వేసినవాళ్లే తినాలి.

తీసిన అట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి శుభ్రమైన గుడ్డ కప్పండి. ఆవిరికి మెత్తగా ఉంటాయి. చల్లారాక ఒక్కో అట్టు మధ్యలో మూడు నాలుగు చెంచాల పూర్ణం పెట్టండి. రెండు పక్కలు లోపలికి మడిచి, చాప చుట్టినట్టు చుట్టండి. ఎనిమిది నుంచి పది అవుతాయి.

విజయవాడ ఎండలు తెలిసినవే. కొబ్బరి పాలు త్వరగా పాడవుతాయి. పూర్ణం పెట్టిన అట్లు రెండు గంటల్లో తినేయాలి. ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి వరకు. పుల్లవాసన వస్తే జాలి పడకుండా పారేయాలి.

మామిడి కాలం పోతే చక్రకేళి ఉంది. కృష్ణ ఒడ్డున పండే పండే. మెత్తగా చిదిమి నాలుగు చుక్కల నిమ్మరసం కలిపితే నల్లబడదు. అరటి తియ్యన కాబట్టి బెల్లం సగం చాలు. పనస తొనలు సన్నగా తరిగి కలపవచ్చు. భాద్రపదంలో తాటిపండు గుజ్జుతో కూడా చేయవచ్చు. దానికి కాస్త వగరు, చేదు ఉంటుంది. అలవాటున్న వాళ్లకు అదే రుచి.

పాలు మానితే బలం ఎట్లా?

అత్త అడిగిన ప్రశ్న అలాగే ఉంది. అది మంచి ప్రశ్న. కొబ్బరి పాలు పేరుకు మాత్రమే పాలు. వాటిలో కొవ్వు ఉంటుంది. ఎముకలకు కావలసిన కాల్షియం చాలా తక్కువ. మాంసకృత్తులూ తక్కువే. పాలకు బదులు రోజూ కొబ్బరి పాలు తాగిస్తే సరిపోదు. ఈ అట్టు పండగ నాటి తీపి. రోజూ తిండి కాదు.

కాల్షియం ఎక్కడుంది? 100 గ్రాముల ఆవు పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340. ములగాకులో సుమారు 440. నువ్వుల్లో వెయ్యికి పైనే. అయితే నువ్వుల్లోదంతా ఒంటికి పట్టదు. నువ్వులు ఒక గుప్పెడుకు మించి తినలేం కూడా. అయినా రాగి జావ, నువ్వుండ, ములగాకు పప్పు వారంలో మార్చి మార్చి పెట్టవచ్చు. పెరుగు పడితే పెరుగు, మజ్జిగ మానక్కరలేదు. చేపలు తినే ఇంట్లో ముళ్లతో నమిలే చిన్న చేపలు మంచివి. పప్పు రోజూ ఉండాలి. డాక్టరు కూడా రెండోసారి వెళ్లినప్పుడు ఇదే చెప్పారు. కోడలు రాసిన కాగితాలు చూసి, పాప బరువు తూచి, కార్డులో రాశారు.

ఆ సాయంత్రం

అట్లు తొమ్మిది వచ్చాయి. ఒకటి పాడైంది. ఎనిమిది పళ్లెంలో పేర్చారు. ఇంట్లో పిల్లలు ముగ్గురు.

"మొదటిది పాపకు పెట్టండి అత్తయ్యా" అంది కోడలు.

అత్త అట్టును అటూ ఇటూ తిప్పి చూసింది. "నిజంగా పాలు లేవుటే?"

"చుక్క లేదు."

"నెయ్యి?"

"అదీ లేదు."

అత్త తానే తుంపి పాప నోట్లో పెట్టింది. ఆ తరవాత తానూ ఒక ముక్క తిన్నది. "బెల్లం కాస్త తగ్గింది" అన్నది. ఇంకో ముక్క తీసుకున్నది.

రాత్రి పాప పడుకున్నాక కోడలు లైటు కింద కూర్చుంది. పుస్తకం తీసింది. తేదీ వేసింది. అత్త పక్కన వచ్చి కూర్చుంది. "ఏం రాశావో చదువు" అన్నది. కోడలు వేలు పెట్టి చదివింది.

"పొద్దున రాగి జావ. మధ్యాహ్నం ములగాకు పప్పు, పెరుగన్నం. సాయంత్రం మామిడి పూర్ణం అట్లు రెండు. నొప్పి లేదు. మూడోది అడిగింది."